జీతగాడా? గుత్తదారా?

(ఉగాది సభలో మన సంఘం పక్షాన చేసిన ప్రసంగపాఠం)



పంచాంగ శ్రవణం ఇప్పుడే ముగిసింది. ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత అన్నది సిద్ధాంతిగారు చదివి వినిపించారు. ఆ వెంటనే మేము లారీల మాట, కోర్టుల మాట ఎత్తుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని ఈ పందిట్లో కూర్చున్న కుటుంబాలలో టిప్పరు తోలేవారున్నారు. టిప్పర్లు కొని తిప్పేవారున్నారు. భవనాల పనులు పట్టే మేస్త్రీలు, కాంట్రాక్టర్లు ఉన్నారు. ఈ ముగ్గురి ఆదాయవ్యయాలూ ఒక ప్రశ్న మీద ఆధారపడి ఉన్నాయి. కట్టడపు పనిలో లారీ తోలేవాడు ఒకరి వద్ద ఉద్యోగియా, లేక తన వ్యాపారం తాను చేసుకొనే స్వతంత్రుడా?

కట్టడపు పని మనవారికి కొత్తది కాదు. బొంబాయి నగరం పెరుగుతున్న రోజులలో తెలుగుదేశం నుండి వచ్చిన కామాటీల పేరుమీదనే కామాఠీపుర అనే పేట ఏర్పడింది. పాలమూరు కూలీలు మట్టి తవ్వని ఆనకట్ట, కాలువ దేశంలో తక్కువ. ఆనాడు తట్ట, పార. ఈనాడు జె.సి.బి., టిప్పరు, రెడీమిక్సు లారీ. పనిముట్లు మారాయి కాని, "ఈ పనివాడు ఎవరి మనిషి?" అన్న ప్రశ్న మాత్రం మారలేదు.

మన పల్లెలలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ప్లీడరు అక్కరలేదు. రైతు ఎడ్లను, రైతు బండిని తోలుతూ, రైతు చెప్పిన పొలానికి ఎరువు చేరవేసేవాడు పాలేరు. వాడికి ఏటి జీతం. ఎద్దు చచ్చినా, ఇరుసు విరిగినా నష్టం రైతుదే. సొంత ఎడ్లు, సొంత బండి పెట్టుకొని, ఈ రోజు ఒకరికి ఇసుక, రేపు మరొకరికి ఇటుక బాడుగకు తోలేవాడు పాలేరు కాడు. వాడిది వాడి వ్యాపారం. బాడుగ నచ్చకపోతే "నేను రాను" అనగలడు. ఎద్దు చచ్చిన నష్టం వాడిది, మంచి బాడుగ దొరికిన లాభమూ వాడిదే. ఈ తేడా చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, పాలేరు చేత పని చేయించుకొంటూ వాడిని బాడుగబండివాడని కాగితం మీద వ్రాసుకొన్నప్పుడు వస్తుంది. నేటి కట్టడాల దగ్గర ఇదే జరుగుతున్నది.

ఈ పేరు ఏదైతే నేమి, పని చేస్తే డబ్బు వస్తుంది గదా అని కొందరు అనవచ్చు. పని సాగుతున్నంత కాలం తేడా కనబడదు. లారీ బోల్తా పడిన రోజున కనబడుతుంది.

ఉద్యోగి పనిలో ఉండగా ప్రమాదంలో మరణిస్తే, తప్పు ఎవరిదో నిరూపించనవసరం లేకుండానే యజమాని ఆ కుటుంబానికి పరిహారం చెల్లించాలని 1923 నాటి చట్టం చెప్పింది. మోటారు వాహనం మీద పనిచేసే డ్రైవరు, సహాయకుడు, మెకానిక్కు, క్లీనరు అని ఆ చట్టం పేరు పేరునా చేర్చింది. లెక్క కట్టే పద్ధతి ఇది: నెల జీతంలో సగాన్ని వయస్సును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చవేయాలి. 30 ఏండ్లవానికి ఆ గుణకం 207.98. లెక్కకు తీసుకొనే నెల జీతం పరిమితిని 2020 జనవరిలో 15,000 రూపాయలు చేశారు. అందులో సగం 7,500. హెచ్చవేస్తే 15,59,850 రూపాయలు. ప్రాణం పోకుండా పూర్తిగా పనికి రాకుండా పోయినవానికి సగానికి బదులు నూటికి 60 వంతుల లెక్క. ఈ 1923 నాటి చట్టం 2020 నాటి సామాజిక భద్రతా కోడులో కలిసిపోయింది. ఆ కోడు 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. సగం జీతాన్ని గుణకంతో హెచ్చవేసే పద్ధతిని అందులోనూ ఉంచారు.

పనిగంటల సంగతి కూడా ఇట్టిదే. అయిదుగురు లేక అంతకు మించి పనివారున్న మోటారు రవాణా సంస్థలలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అనే సామాన్య పరిమితిని 1961 నాటి చట్టం పెట్టింది. ఆ చట్టం కూడా అదే రోజున పనిపరిస్థితుల కోడులో కలిసింది. ప్రావిడెంటు ఫండు, ఇ.ఎస్.ఐ. వైద్యం, వారపు సెలవు, వీటన్నిటి ద్వారం మీద ఒకే మాట వ్రాసి ఉన్నది: "ఉద్యోగి". ఆ మాట తనకు వర్తించకపోతే ద్వారం మూసినట్లే. అందుచేత ఇది వట్టి మాటల తగాదా కాదు. ఇంట్లో పొయ్యి వెలగడానికి సంబంధించిన తగాదా.

ఇక కోర్టులు ఏమన్నాయో చూద్దాము. సరిగ్గా కట్టడపు లారీ గురించే ఇంగ్లండులో 1967 డిసెంబరులో ఒక తీర్పు వచ్చింది. రెడీమిక్సు కాంక్రీటు తయారుచేసే ఒక కంపెనీ, తన కాంక్రీటును చేరవేయడానికి "సొంతదారు డ్రైవర్లు" అనే ఏర్పాటు చేసింది. డ్రైవరు లారీని వాయిదాల మీద కొనాలి. వాయిదాల మీద ఇచ్చే ఫైనాన్సు కంపెనీ కూడా ఆ సంస్థకు చెందినదే. లారీ మీద తిరిగే కాంక్రీటు డ్రమ్ము కంపెనీది. లారీకి కంపెనీ రంగు వేయాలి. డ్రైవరు కంపెనీ దుస్తులు తొడుక్కోవాలి. ఆ లారీతో ఇతరుల సరుకు తోలరాదు. మరమ్మతు ఖర్చు డ్రైవరుది. చెల్లింపు మైళ్ళ లెక్కన. అతడు కంపెనీ ఉద్యోగి అని, జాతీయ బీమా చందా కట్టాలని అక్కడి మంత్రి నిర్ణయించారు. కంపెనీ కోర్టుకు వెళ్ళింది. న్యాయమూర్తి మెకెన్నా కంపెనీ పక్షాన తీర్పు చెప్పారు. డ్రైవరు చిన్న వ్యాపారి అన్నారు.

రంగు కంపెనీది, దుస్తులు కంపెనీవి, అయినా మనిషి కంపెనీవాడు కాడా అని మీరు ఆశ్చర్యపోవచ్చు. న్యాయమూర్తి చూసినది రంగును కాదు. ఉద్యోగమనిపించుకోవాలంటే మూడు ఉండాలన్నారు. మొదటిది, జీతం తీసుకొని తన శ్రమను, నైపుణ్యాన్ని తానే ఇవ్వడం. రెండవది, యజమాని అనదగినంత అదుపుకు లోబడి ఉండడం. మూడవది, ఒప్పందంలోని మిగిలిన షరతులు ఉద్యోగానికి విరుద్ధంగా లేకపోవడం. ఆ డ్రైవరు తనకు బదులు మరొక సమర్థుడైన డ్రైవరును పెట్టుకోవచ్చును. ఏ దారిన పోవాలో, ఎట్లా తోలాలో కంపెనీ చెప్పలేదు. లారీ అతడిది, దాని మీది లాభనష్టాలు అతడివి. మూడవ షరతు దగ్గర తక్కెడ అటు మొగ్గింది.

ఈ తీర్పును మన దేశంలో కొందరు కంపెనీవారు ఇష్టంగా చెబుతారు. కాని మన సుప్రీంకోర్టు నడచిన దారిని కూడా పక్కన పెట్టి చూడాలి.

1956 నవంబరులో సౌరాష్ట్రలోని ఉప్పు మళ్ళ కేసు వచ్చింది. అక్కడి అగరియాలు కుటుంబాలతో వచ్చి ఉప్పు పండిస్తారు. వారికి చెల్లింపు మణుగుల లెక్కన. పనిగంటలు లేవు. సాయానికి కూలీలను వారే పెట్టుకోవచ్చు. వారు కాంట్రాక్టర్లని కంపెనీ వాదించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. వారు స్వయంగా పని చేస్తున్నారు, మడి తయారీ నుండి ఉప్పు తూకం దాకా కంపెనీ పర్యవేక్షణ ఉన్నది, కనుక వారు పనివారే అన్నది. లెక్క మణుగుల మీద ఉన్నంత మాత్రాన మనిషి గుత్తదారు కాడని ఆనాడే తేలింది. ట్రిప్పుల లెక్కన డబ్బు తీసుకొనే డ్రైవరు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1973లో వచ్చిన తీర్పు మన తెలుగునేల నుండి వెళ్ళిన కేసు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్‌లో బట్టలు కుట్టేవారికి గుడ్డకింత అని కూలి. రోజంతా ఉండి తీరాలన్న నియమం లేదు. కాని మిషన్లు దుకాణానివి. కుట్టు బాగా లేకపోతే తిప్పి కుట్టించే అధికారం యజమానిది. వారు దుకాణపు ఉద్యోగులే అని సుప్రీంకోర్టు చెప్పింది. పనిముట్టు ఎవరిది, పనిని కాదని త్రిప్పికొట్టే అధికారం ఎవరిది అన్న ప్రశ్నలు ఆ తీర్పులో ముఖ్యమైనవి. కుట్టుమిషను ఉన్న చోట టిప్పరును పెట్టి చూడండి.

1978లో కోళికోడు తాళ్ళ కార్ఖానా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇంకొక అడుగు ముందుకు వేశారు. నడుమ మేస్త్రీ ఉన్నాడని, కాగితం అతడి పేరున ఉన్నదని ఆగిపోరాదన్నారు. తెర ఎత్తి చూడాలి. పనివాడి తిండి, పని, రేపటి ఉపాధి ఎవరి చేతిలో ఉన్నాయో, వాడి శ్రమ ఎవరి వ్యాపారానికి చేరుతున్నదో, అతడే యజమాని అన్నారు. 2020లో సుప్రీంకోర్టు పాత తీర్పులన్నీ పరిశీలించి, ఏ ఒక్క కొలబద్దా చాలదని, అన్ని అంశాలనూ కలిపి తూచాలని, తక్కెడ సమంగా నిలిచినప్పుడు పనివారి మేలుకోసం చేసిన చట్టమైతే పనివాడి వైపు మొగ్గాలని చెప్పింది.

ఇది మన దేశపు చిక్కు మాత్రమే కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు సుప్రీంకోర్టు 2018 ఏప్రిల్ 30న పార్సిళ్ళు చేరవేసే డ్రైవర్ల కేసులో భారాన్ని తలక్రిందులు చేసింది. పనివాడు ఉద్యోగి అనే మొదట అనుకోవాలి. కాదనే యజమాని మూడు సంగతులు నిరూపించాలి: తన అదుపు లేదని, ఆ పని తన వ్యాపారంలో భాగం కాదని, అతడు నిజంగానే సొంత వ్యాపారం చేసుకొంటున్నాడని. 2020 జనవరి 1 నుండి అది చట్టమైంది. అందులో కట్టడపు లారీల కోసం ప్రత్యేకంగా ఒక మినహాయింపు వ్రాశారు. వ్యాపారంగా రిజిస్టరు అయి ఉండాలి. ఇతరుల చేత తోలిస్తే వారిని తన ఉద్యోగులుగా పెట్టుకోవాలి. ఒంటరివాడైతే సొంత లారీ, దానికి సొంత పర్మిటు ఉండాలి. మొదట రెండేండ్ల గడువు పెట్టిన ఈ మినహాయింపును తరువాత 2025 జనవరి 1 దాకా పొడిగించారు. అంత సంపన్న రాష్ట్రంలో కూడా కట్టడపు లారీవాడు ఏ గదిలో కూర్చోవాలన్నది శాసనసభ మళ్ళీ మళ్ళీ ఆలోచించవలసి వచ్చింది.

ఇప్పుడు మన పనిచోట్లకు వద్దాము. మేము చూసినంతలో నాలుగు విధాల డ్రైవర్లున్నారు.

మొదటివాడు యజమాని లారీ మీద నెల జీతానికి, బత్తాకు ఉన్నవాడు. ఇతని విషయంలో సందేహమే లేదు. ఉద్యోగి.

రెండవవాడు యజమాని లారీనే తోలుతూ ట్రిప్పుకింత అని తీసుకొనేవాడు. డీజిలు యజమానిది, టైరు యజమానిది, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. ఇతనిని "కాంట్రాక్టు డ్రైవరు" అని పిలిచి ఒక కాగితం మీద సంతకం తీసుకొంటారు. పైన చెప్పిన ఉప్పు మళ్ళ తీర్పు, కుట్టుమిషన్ల తీర్పు చదివినవారికి ఇతడు కూడా ఉద్యోగిగానే కనబడతాడు.

మూడవవాడు వాయిదాల మీద టిప్పరు కొని, దానిని ఒక కంపెనీకి "అటాచి" చేసినవాడు. ఆర్.సి. బుక్కు తన పేరునే ఉంటుంది. అసలు చిక్కంతా ఇతనిది. ఇంగ్లండు డ్రైవరు వంటివాడు. ఇతని విషయంలో ఒక్కొక్క ప్రశ్న అడగాలి. వేరే చోట బాడుగ తోలవచ్చునా? ఒక రోజు రానంటే జరిమానా పడుతుందా? తనకు బదులు మరొకరిని పంపవచ్చునా? బాడుగ రేటు మాట్లాడుకొన్నాడా, వాళ్ళు చెప్పినది తీసుకొన్నాడా? జవాబులను బట్టి తక్కెడ మొగ్గుతుంది.

నాలుగవవాడు ఒకటి రెండు లారీలతో పదిమందికి తోలేవాడు. ఇతడు నిజమైన స్వతంత్రుడు. ఇతనిని ఉద్యోగి అనడం ఇతని పౌరుషానికే తక్కువ. మేము అందరినీ ఒకే గాటకు కట్టాలని చెప్పడం లేదు. కష్టపడి సొంత బండి సంపాదించుకోవడం గౌరవమే. కాని గౌరవం వేరు, గౌరవం పేరు చెప్పి నష్టభయం మాత్రం నెత్తిన పెట్టడం వేరు.

మూడవ, నాలుగవవారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఫైనాన్సు అప్పు తీరకపోయినా, వాయిదాల ఒప్పందం మీద బండి ఎవరి స్వాధీనంలో ఉన్నదో అతడే మోటారు వాహనాల చట్టం దృష్టిలో యజమాని. యజమాని తానే తోలుతూ ప్రమాదంలో పడితే, తన పాలసీ కింద తాను "మూడవ వ్యక్తి" కాడు. ఎదుటివారికి జరిగిన నష్టానికి ఆ పాలసీ పనికివస్తుంది గాని తన ప్రాణానికి కాదు. అందుకే సొంతదారు డ్రైవరుకు వేరుగా వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నది. 2018లో బీమా నియంత్రణ సంస్థ ఆ మొత్తాన్ని 15 లక్షల రూపాయలకు పెంచింది. ప్రీమియం తగ్గించుకోవడానికి దీనిని వదులుకొన్నవాడు తన ఇంటి కప్పును తానే విప్పుకొన్నట్లు. ఆర్.సి. తన పేరున, లైసెన్సు చెల్లుబాటులో, ఈ బీమా పాలసీలో, మూడూ ఉన్నవో లేవో ఈ వారంలోనే చూసుకోండి.

ఇక యజమానులైన మన సోదరులకు ఒక మాట. డ్రైవరును ఉద్యోగి అని ఒప్పుకొంటే మునిగిపోతామని మీలో కొందరి భయం. లెక్క వేసి చూడండి. వాహనపు బీమాలో, జీతానికి తోలే డ్రైవరుకు కలిగే ప్రాణనష్టానికి, గాయాలకు చెల్లించవలసిన పరిహార బాధ్యతను కూడా చట్టం చేర్చింది. క్లీనరుకు కూడా కొద్ది ప్రీమియంతో చేర్చుకోవచ్చు. అనగా పాలసీ సక్రమంగా ఉంటే ఆ 15 లక్షల భారాన్ని బీమా కంపెనీ మోస్తుంది. అతడు నా ఉద్యోగి కాడని మీరే సంతకం పెట్టించి ఉంచుకొన్నారనుకోండి. ప్రమాదం జరిగిన రోజున ఆ కాగితాన్ని బీమా కంపెనీ తన వాదానికి వాడుకొంటుంది. కోర్టు తెర ఎత్తి అతడు ఉద్యోగియే అంటే భారం మీ నెత్తిన పడుతుంది. మిమ్మల్ని కాపాడుతుందనుకొన్న కాగితమే మీకు ఉరిత్రాడవుతుంది. పైగా, తన వ్యాపారంలో భాగమైన పనిని నడిమి కాంట్రాక్టరు చేత చేయించినా, పరిహారం ముందు అసలు యజమానే చెల్లించి తరువాత కాంట్రాక్టరు వద్ద రాబట్టుకోవాలని 1923 నాటి చట్టమే చెప్పింది. కావున దాపరికంలో లాభం లేదు. ఉన్నది ఉన్నట్లు వ్రాయడమే చవక.

డ్రైవరు సోదరులకు, వారి ఇల్లాండ్రకు మరికొన్ని మాటలు. మనం పరభాషా ప్రాంతంలో ఉన్నాము. మన చేతికి వచ్చే ఒప్పందాలు మరాఠీలోనో, కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, కాకపోతే ఇంగ్లీషులోనో ఉంటాయి. చదవలేని కాగితం మీద సంతకం చేయడం కళ్ళకు గంతలు కట్టుకొని ఘాటు దిగడమే. మన సంఘంలో ఆ భాషలు చదివే పిల్లలున్నారు. సంతకానికి ముందు వారి చేత చదివించుకోండి. సంతకం చేసిన తరువాత ఒక నకలు అడిగి తీసుకోండి.

ట్రిప్పు చీటీలు, కాటా చీటీలు చించి పారేయకండి. ఏ రోజున ఎవరి పనిమీద ఎక్కడికి వెళ్ళారో చెప్పే సాక్షులు అవే. కూలి వీలైనంతవరకు బ్యాంకు ద్వారా తీసుకోండి. "రేపు ఉదయం అయిదింటికి క్వారీకి రా" అని ఫోనులో వచ్చిన సందేశాన్ని చెరిపివేయకండి. అదుపు ఎవరిదో తెల్పడానికి అంతకంటె మంచి రుజువు దొరకదు. ఈ చీటీల సంచి ఎక్కడ ఉన్నదో ఇంటి ఇల్లాలికి తెలిసి ఉండాలి. అవసరం వచ్చే రోజున అడగడానికి భర్త ఉండకపోవచ్చు. పండుగ పూట ఈ మాట కఠినమే. కాని ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేసే జాతి మనది.

ప్రావిడెంటు ఫండు, ఇ.ఎస్.ఐ. లేనివారికి 2021 ఆగస్టులో ప్రారంభమైన ఇ-శ్రమ్ నమోదు ఉన్నది. పేరు నమోదు చేయించుకోండి. అది ఉద్యోగ హక్కులకు బదులు కాదు గాని, ఊరూరా తిరిగే మనిషికి ఒక గుర్తింపు.

ఇటువంటి మలుపు మనవారు ఇంతకు ముందు ఒకటి చూశారు. షోలాపూరులో మన తెలుగు ఆడపడుచులు ఎందరో బీడీలు చుట్టి సంసారాలు నడిపారు. ఇంటి దగ్గర కూర్చొని, వేయి బీడీలకింత అని చుట్టేవారు పనివారా కారా అని 1950లలో, 60లలో కోర్టులలో వాదాలు జరిగాయి. తీర్పులు ఒకటి ఇటు, ఒకటి అటు వచ్చాయి. చివరకు 1966లో పార్లమెంటు బీడీ, సిగారు పనివారి చట్టం చేసి, ఇంటి వద్ద చుట్టేవారిని కూడా ఉద్యోగుల లెక్కలో చేర్చింది. కోర్టులో తెగని దానిని చట్టం తెంపింది. ఆ చట్టం వచ్చినది వారు కలిసి అడగడం వలననే గాని, ఒంటరిగా ఏడవడం వలన కాదు. టిప్పరు తోలేవారి విషయంలో కూడా "ట్రిప్పు లెక్క అయినా ఉద్యోగియే" అని అట్టి స్పష్టమైన మాట చట్టంలో రావాలని మా కోరిక. అది వచ్చేదాకా యజమాని, డ్రైవరు ఇద్దరూ మనవారే అయిన చోట, కాగితం మీద నిజం వ్రాసుకోవడానికి ఢిల్లీ అనుమతి అక్కరలేదు.

మొన్నటిదాకా మనవారు తట్టతో మోసిన మట్టి మీద ఈ నగరాలు నిలిచాయి. ఈనాడు టిప్పరుతో మోస్తున్నారు. మోసేవాడి పేరు, హోదా సరిగా వ్రాయడం మోయించేవాడి ధర్మం, వ్రాయించుకోవడం మోసేవాడి హక్కు. ఆ ధర్మం, ఆ హక్కు రెండూ మన సంఘంలోనే మొదట నిలబడాలని కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.